దిగువ ఘాట్‌లో బ్రేక్ ఆయిల్ పంచాయితీ

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరుచుకుంది. డెబ్భైల్లో రెండోది వచ్చాక ఎక్కడానికి కొత్త దారి, దిగడానికి పాత దారి అన్నది స్థిరపడింది. మెలికలు ఎక్కువున్నది పాతదానిలోనే. అంటే కార్ల బ్రేకులకు అసలు పరీక్ష పెట్టేది ఇప్పటికీ ఆనాటి రోడ్డే.

ఈ సంవాదంలో ఇద్దరు. మామ ఆర్టీసీలో కొండ బస్సు నడిపి రిటైరైనాడు, ఇప్పుడు సొంత డీజిల్ కారులో యాత్రికుల్ని తిప్పుతున్నాడు. అల్లుడు వరసకు అల్లుడు, వృత్తికి మెకానిక్కు, తిరుపతిలో చిన్న షెడ్డు. మనుషులిద్దరూ కల్పితం. వాదం మాత్రం కల్పితం కాదు. బ్రేక్ ఆయిల్ మార్చాలని మెకానిక్కు అనగానే బండి యజమాని ముఖం ఎట్లా మారుతుందో షెడ్డులో పావుగంట కూర్చున్నవాళ్ళందరికీ తెలుసు.

మామ: ఇంజన్ ఆయిలు మార్చినావు, ఫిల్టర్లు మార్చినావు, సరే. ఇప్పుడు బ్రేక్ ఆయిలు కూడా అంటావేంది? డబ్బాలో చూడు, పైగీత దగ్గరే ఉండాది. కారుతా ఉంటే చెప్పు, మారుస్తాం.

అల్లుడు: లెవెలు సంగతి కాదు మామా. బండి కొని ఎన్నేళ్ళయింది?

మామ: నాలుగు దాటింది. అప్పటినుంచీ అదే ఆయిలు. మధ్యలో కొద్దిగా తగ్గితే ఎవరో పోసినారు, అంతే.

అల్లుడు: ఆ పోయడమే వద్దంటా నేను. బయటికి కారకుండా లెవెలు తగ్గిందంటే ప్యాడ్లు అరిగినాయని అర్థం. ప్యాడు పలచబడే కొద్దీ పిస్టన్ ముందుకు జరుగుతుంది, దాని వెనకాల ఖాళీ నింపడానికి డబ్బాలో ఆయిలు దిగుతుంది. ప్యాడ్లు చూసుకోమని బండి చెప్పే మాట అది. పైన పోసేస్తే ఆ మాట మనకు వినబడదు. రేపు కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్ను వెనక్కి నొక్కినామా, ఎక్కువైందంతా పొంగి పెయింటు మీద పడుతుంది. పెయింటు లేచిపోతుంది.

మామ: సరే, లెవెలు వదిలేద్దాం. నా సర్వీసంతా కొండమీదే గడిచింది. ఏ రోజూ బస్సుకు బ్రేక్ ఆయిలు మార్చింది లేదు.

అల్లుడు: దాంట్లో ఉంటే గదా మార్చేది! నీ బస్సుది ఎయిర్ బ్రేకు. తోసేది గాలి. కారులో తోసేది ఆయిలు. గాలి మరగదు, ఆయిలు మరుగుతుంది.

మామ: అక్కడే ఉండాది కిటుకు. ఆయిలు చుక్క లేని బస్సుకు కూడా బ్రేకు పట్టని రోజులు చూసినా. డ్రమ్ములు కాలి, లైనింగు వాసన లోపలిదాకా కొట్టి, ఎంత తొక్కినా బండి జారుతానే ఉండేది. మరి ఆ పాపం ఏ ఆయిలుది? పాపం కాలిది. బ్రేకు మీద కాలు పెట్టి కింది వరకూ తీయనోడికి నువ్వు ఏం పోసినా ఒకటే. ఏ గేరులో ఎక్కే దారో ఆ గేరులోనే దిగమని మాకు నేర్పినారు. పట్టించాలి, వదలాలి. మలుపు ముందు గట్టిగా తొక్కి వేగం దించు, తర్వాత కాలు తీసెయ్యి, ఇంజను చూసుకుంటాది. ఇది వచ్చినోడికి నీ షెడ్డుతో పనేముంది?

(మామ ఇక్కడ చాలావరకు గెలిచినట్టే. లెక్క కూడా ఆయన వైపే ఉంది. మనుషులూ సామానూ కలిపి ఒకటిన్నర టన్ను తూగే కారు 700 మీటర్ల ఎత్తు నుంచి దిగితే వదిలించుకోవలసిన శక్తి దాదాపు కోటి జౌళ్ళు. 35 లీటర్ల మామూలు నీళ్ళను మరుగు దాకా తేగల వేడి అది. గాలి కొంత, టైర్లు కొంత మింగుతాయి. మిగిలినదాన్ని ఇంజనుకు అప్పజెప్పకపోతే చక్రాల దగ్గరున్న ఇనుమే మోయాలి, అందులోనూ ముందు డిస్కులు రెండే పెద్ద వాటా మోయాలి.)

అల్లుడు: వేడి పుట్టించేది కాలేనని నేనూ ఒప్పుకుంటా. కానీ వేడి పుట్టినాక చెడేది ఒక్కటే కాదు. నీ బస్సు జారిన రోజు పెడలు ఎట్లుండేది? గట్టిగా ఉండేదా, మెత్తగా పోయేదా?

మామ: పెడలుకేం, కాలికి తగులుతానే ఉండేది. బండే ఆగేది కాదు.

అల్లుడు: లైనింగు మాడితే అట్లే ఉంటాది. కారులో ప్యాడు మాడినా అంతే, పెడలు గట్టిగానే ఉంటుంది, పట్టు ఉండదు. దానికి నేను ఏ ఆయిలు మార్చినా లాభం లేదు. వెనక చక్రాలకు డ్రమ్ములుంటే ఇంకో తీరు. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరమవుతుంది, పెడలు కొంచెం ఎక్కువ కిందికి పోతుంది, ఇంకోసారి తొక్కితే అందుతుంది. నేను చెప్పేది మూడోది. పెడలు మెత్తబడి, కాలి కింద ఏమీ లేనట్టు నేలదాకా పోవడం. అది ఆయిలు మరిగి ఆవిరైనప్పుడు వస్తుంది. ద్రవం నలగదు కాబట్టి నీ కాలి బలం చక్రం దాకా పోతుంది. ఆవిరి నలుగుతుంది. నీ బలమంతా దాన్ని నలపడానికే సరిపోతుంది.

మామ: ఆయిలు అంత సులభంగా మరుగుతుందా? కంపెనీవోళ్ళు చూసుకోకుండానే పోసి ఉంటారా?

అల్లుడు: కొత్తలో మరగదు. డాట్ 3 అయితే కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా, డాట్ 4 అయితే 230 దాకా నిలబడాలని ప్రమాణం. అదే ఆయిలులో నూటికి 3.7 వంతు నీరు కలిస్తే డాట్ 3 హద్దు 140కి, డాట్ 4 హద్దు 155కి పడిపోతుంది. ఘాట్‌లో కాలు తీయకుండా దిగితే డిస్కు 300 దాటడం పెద్ద వింతేం కాదు. అదంతా ఆయిలుకు చేరదు, ప్యాడూ పిస్టనూ అడ్డముంటాయి. చేరిన కొంత వేడిని 230 దాకా ఓర్చుకునే ఆయిలుందా, 150కే చేతులెత్తేసే ఆయిలుందా అనేదే నా గొడవ.

మామ: నీళ్ళు యాడ్నుంచి వచ్చినాయిరా? మూత తీసింది ఆ పోసిన ఒక్కసారే గదా!

అల్లుడు: మూతకు గాలి ఆడే దారి ఉంటుంది. రబ్బరు గొట్టాల గుండా కూడా తేమ మెల్లగా లోపలికి చేరుతుంది. ఈ ఆయిలు గ్లైకాల్ జాతిది, గాలిలో తేమను పీల్చుకోవడం దాని గుణం. విశాఖలో సముద్రపు గాలికి నిలబడి వారం వారం అనంతగిరి ఘాట్ ఎక్కిదిగే బళ్ళకు ఇంకా తొందరగా పడుతుంది. నీ కారు తోలకుండా ఇంటిముందు పెట్టినా పీలుస్తానే ఉంటుంది. అందుకే మాన్యువల్లో కిలోమీటర్లతో పాటు ఏళ్ళు కూడా రాస్తారు. చాలావాటికి రెండేళ్ళు, కొన్నిటికి మూడు.

మామ: ఇంత తెలివైనోళ్ళు నీళ్ళు పీల్చని ఆయిలు కనిపెట్టలేకపోయినారా?

అల్లుడు: కనిపెట్టినారు. డాట్ 5 అని సిలికాన్‌ది. తేమ తాగదు. కానీ లోపలికి వచ్చిన తేమ ఎక్కడికి పోతుంది? కలవకుండా చుక్కలుగా విడిగా ఉండిపోయి పల్లానికి చేరుతుంది. పల్లం అంటే క్యాలిపరు, అన్నిటికంటే వేడి చోటు. అక్కడ ఆ చుక్క 100 డిగ్రీలకే ఆవిరి. పైగా తుప్పు. నీటిని కలుపుకొని మోయడం ఈ గ్లైకాల్ ఆయిలుకు లోపమూ అదే, మేలూ అదే. ఇంకోటి, సిలికాన్‌లో గాలి బుడగలు చిక్కుకుంటాయి కాబట్టి ఏబీఎస్ బళ్ళకు పనికిరాదు. మనోళ్ళు డాట్ 5కీ డాట్ 5.1కీ తేడా తెలీక తికమక పడతారు. 5.1 మళ్ళీ గ్లైకాల్‌దే, 4తో కలుస్తుంది. 5 కలవదు.

మామ: సరే, నీ మాటే నిజమనుకో. నాలుగేళ్ళుగా దిగుతా ఉండాను, ఒక్కసారన్నా పెడలు మెత్తబడాలి గదా?

అల్లుడు: నువ్వు గేరులో దిగుతావు కాబట్టి ఆయిలు దాని హద్దు దాకా పోలేదు. అందుకే చెప్తాండా, నీ డ్రైవింగు నీ పాత ఆయిలును దాచిపెడుతోంది. ఊళ్ళో తిరిగేటప్పుడు కొత్త ఆయిలుకూ నాలుగేళ్ళ ఆయిలుకూ కాలికి తేడా తెలీదు. మెల్లగా చెడుతూ ముందే సైగ చేసే రకం కాదు ఇది. ఏదో ఒక రోజు ముందర బస్సు నిలిచిపోయి, వెనక ఏడుగురు కూర్చుని, గేరు దించే వీలు లేక పదే పదే తొక్కాల్సి వస్తే ఆ రోజే మొదటిసారి తెలుస్తుంది.

మామ: తొక్కుతా ఉండగానే మెత్తబడుతుంది గదా, అప్పుడు చూసుకుంటా.

అల్లుడు: అదీ కాదు మామా. తొక్కినంతసేపూ లోపల ప్రెషరు ఎక్కువ. ప్రెషరులో ఉన్నది అంత తేలిగ్గా మరగదు. కాలు తీస్తావు చూడు, ప్రెషరు పోతుంది, అప్పుడు మరుగుతుంది. అందుకే ఒక మలుపులో బ్రేకు బాగానే పట్టి, తర్వాతి మలుపులో తొక్కితే పెడలు ఉండదు.

(ఇక్కడ మామ కాసేపు మాట్లాడలేదని రాసుకోవాలి. ఎయిర్ బ్రేకు బస్సులో ఈ తీరు ఆయనకు ఎదురై ఉండదు.)

అల్లుడు: ఇంకో సంగతి చెప్తా, నీకు పనికొచ్చేది. కొండ మీద చీటీ తీసుకుంటారు, కింద టైం చూస్తారు, 40 నిమిషాలకు ముందే దిగితే జరిమానా. కొందరు ఏం చేస్తారు?

మామ: నాకు తెలీదా! సర్రున దిగి, టైం మిగిలిందని మధ్యలో ఆపుతారు. మోకాలిమిట్ట దగ్గర ఫోటోలు, అక్కగార్ల గుడి దగ్గర దండం.

అల్లుడు: దండం మంచిదే. కానీ కాలిపోయిన బ్రేకుతో ఉన్నట్టుండి బండి ఆపితే ఏమవుతుంది? పోతా ఉన్నంతసేపూ డిస్కుకు గాలి తగిలి చల్లారుతుంటుంది. ఆగినావా, గాలి లేదు. డిస్కులో నిల్వ ఉన్న వేడి క్యాలిపర్లోకీ, ఆయిలులోకీ పాకుతుంది. అంటే ఆపిన కొన్ని నిమిషాల్లో డిస్కు చల్లబడుతుంటే ఆయిలు వేడెక్కుతుంది. మళ్ళీ బయల్దేరి మొదటి మలుపులో తొక్కితే పెడలు లోపలికి. చల్లార్చడానికే ఆపినామని వాళ్ళనుకుంటారు.

మామ: అయితే ఆపకూడదా? మేం ఆపమనే చెప్పేవాళ్ళం.

అల్లుడు: ఆపొచ్చు. ఆపే ముందు కొంతదూరం బ్రేకు తొక్కకుండా చిన్న గేరులో నెమ్మదిగా పోనివ్వు, గాలి తగలనీ. ఆపితే అర్ధగంట ఆపు, ఐదు నిమిషాలు కాదు. కదిలే ముందు నిలబడిన చోటే పెడలు రెండుసార్లు తొక్కి చూడు. నీళ్ళు మాత్రం కొట్టొద్దు, కాలిన ఇనుము వంకరపోతుంది, పగిలినా పగులుతుంది.

మామ: ఊఁ. మరి పెడలు పోయిందని షెడ్డుకు తెచ్చిన బండిలో నీకు తప్పు ఎందుకు కనబడదు? నువ్వే ఎన్నోసార్లు ఏమీ లేదని పంపించినావు.

అల్లుడు: చల్లారినాక ఆవిరి మళ్ళీ ద్రవమైపోతుంది. పెడలు గట్టిగా వచ్చేస్తుంది. షెడ్డుకు వచ్చేసరికి సాక్ష్యం ఉండదు. ఓనరు డ్రైవరును అనుమానిస్తాడు, డ్రైవరు దేవుడు కాపాడినాడంటాడు, ఆయిలును ఎవరూ అడగరు.

మామ: బాగానే అల్లినావు. కానీ నువ్వు ఆ పెన్ను లాంటిది డబ్బాలో ముంచి ఎర్ర లైటు చూపిస్తావే, దానిమీద నాకు నమ్మకం లేదు. నల్లగా ఉండాది, మార్చాలి అంటావు. రంగు చూసి డబ్బులు గుంజే యవ్వారం అది.

అల్లుడు: సగం ఒప్పుకుంటా. రంగును బట్టి నీరు ఎంతుందో చెప్పలేం. నల్లబడినదానిలో తక్కువ ఉండొచ్చు, తేటగా ఉన్నదానిలో ఎక్కువ ఉండొచ్చు. పెన్ను కరెంటు ఎంత పారుతుందో చూసి లెక్క కడుతుంది, ఒక్కో కంపెనీ ఆయిలుకు ఒక్కో రకంగా చూపుతుంది. ఆయిలును నిజంగా వేడి చేసి ఎన్ని డిగ్రీలకు మరిగిందో చూపే మీటరుంది, అది అసలైంది, చిన్న షెడ్లలో కనబడదు. పెన్ను ముంచేది కూడా డబ్బాలోనే. వేడెక్కేది క్యాలిపర్లో ఉన్నది. ఇంజన్ ఆయిలు తిరుగుతుంది, ఇది తిరగదు మామా. పెడలు తొక్కితే చుక్క ముందుకు, వదిలితే అదే చుక్క వెనక్కి. క్యాలిపర్లో నాలుగేళ్ళ కింద చేరినది అక్కడే ఉంటుంది. పైన డబ్బాలో కొత్తది పోసి తేటగా ఉందని మురిసిపోవడం దండగ.

మామ: అందుకే నీ పెన్ను వద్దంటా. రెండేళ్ళకోసారి మార్చాలని పుస్తకంలో ఉంటే పుస్తకం చూపించు, చాలు.

అల్లుడు: ఇదిగో, చూడు. నాకు కూడా అదే సుఖం.

(నా మట్టుకు, ఈ వాదంలో మెకానిక్కుల పక్షానికి జరిగిన చెడంతా ఆ ఎర్ర లైటు వల్లే జరిగింది. తేదీ చూసి మార్చమంటే ఒప్పుకునేవాడు లైటు చూసి మార్చమంటే మోసమనుకుంటాడు. అనుకోవడంలో తప్పేం లేదు కూడా.)

మామ: మార్చడమంటే ఏం చేస్తావు? డబ్బాలోది లాగేసి కొత్తది పోసి బిల్లు రాస్తే ఊరుకోను.

అల్లుడు: డబ్బాలో పాతది లాగి కొత్తది పోస్తా. అప్పుడు నాలుగు చక్రాల నిపుల్సూ ఒక్కొక్కటి తెరిచి కొత్త రంగు వచ్చేదాకా వదులుతా. మధ్యలో డబ్బా ఖాళీ కాకూడదు, అయితే గాలి దూరుతుంది. ఏ చక్రం ముందు అనేది మాన్యువల్ చూసి. మొత్తానికి లీటరు లోపే పడుతుంది. ఇంకొకటి, పిల్లోడు లోపల కూర్చుని పెడలు నేలదాకా తొక్కకుండా కింద చెక్కముక్క పెడతా. పాత మాస్టర్ సిలిండర్లో పిస్టన్ రోజూ తిరగని చోట తుప్పు, మడ్డి ఉంటాయి. అంతదూరం తోస్తే సీలు కోసుకుపోతుంది. బ్రేక్ ఆయిలు మార్చినాకే బ్రేకు పాడైందని కొందరు అనేది ఇందుకే.

మామ: ఆ మాట నేనూ విన్నా. నీ అరలో సగం వాడిన సీసా ఒకటి ఎప్పటినుంచో ఉండాది, అది పోస్తావా?

అల్లుడు: పోయను. సీలు తీసిన సీసా కూడా తేమ పీలుస్తుంది. అది క్లచ్చుకు కూడా పనికిరాదు. నీ ముందే కొత్తది తెరుస్తా.

మామ: అట్లయితే పెద్ద నెంబరే పొయ్యి. ఆ 5.1 ఏదో అన్నావు గదా, అది 260 డిగ్రీల దాకా నిలబడుతుందంట.

అల్లుడు: నీ మూత మీద డాట్ 4 అని ఉంది. 5.1 పోసినా తప్పు లేదు. కానీ అదీ నీరు పీలుస్తుంది, అదీ రెండేళ్ళకు మార్చాల్సిందే. ఖరీదైనది పోసి ఐదేళ్ళు మర్చిపోయేవాడి కంటే మామూలు డాట్ 4 టైంకు మార్చేవాడే మేలు. ఒక్కటే జాగ్రత్త, ఇంజన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో చేతికి దొరికిందని దీంట్లో ఎవర్నీ పోయనీకు. రబ్బరు సీళ్ళన్నీ ఉబ్బిపోతాయి, మాస్టర్ నుంచి చక్రం దాకా అన్నీ మార్చాలి.

మామ: ఇంత చేసినాక కాలు తీయకుండా దిగితే?

అల్లుడు: ప్యాడ్లు మాడుతాయి, పెడలు గట్టిగా ఉండి బండి ఆగదు. కొత్త ఆయిలు నీకు పెడలును మిగులుస్తుంది, పట్టును కాదు. అది నీ గేరు మీదే.

మామ: ఆ ముక్క ముందే అనుంటే ఇంతసేపు పట్టేదా! ఇప్పటి పిల్లోళ్ళు న్యూట్రల్లో వేసి డీజిలు మిగిలిందని లెక్కలు చెప్తారు.

అల్లుడు: మిగలదు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే ఇంజెక్టర్లు డీజిలు ఆపేస్తాయి, చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి. న్యూట్రల్లో వేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి తాగుతానే ఉండాలి. డీజిలూ పోతుంది, బ్రేకూ పోతుంది.

మామ: మా పెద్దోడు ఆటోమేటిక్ కొన్నాడు. గేరు ఎక్కడ దించాలి?

అల్లుడు: డీ లో వదిలేసి దిగొద్దను. ఎల్ అనో, మాన్యువల్ మోడ్ అనో, స్టీరింగు వెనక మీటలో ఏదో ఒకటి ఉంటుంది. ఎలక్ట్రిక్ కారైతే ఇంకో మెలిక. మోటారే వేగాన్ని తగ్గించి కరెంటు చేస్తుంది, బ్రేకుకు పని తక్కువ. కానీ కొండమీదే ఫుల్ చార్జి చేసుకొని దిగడం మొదలుపెడితే బ్యాటరీలో చోటు ఉండదు, మోటారు ఆపే బలం తగ్గుతుంది, భారమంతా మామూలు బ్రేకు మీదికి వస్తుంది. పైన చార్జి చేస్తే కొంచెం వెలితిగా ఆపుకోమను.

మామ: చివరిగా ఒకటి. ఆయిలు మార్చినా, గేరులో దిగినా, ఖర్మ కాలి పెడలు నేలకు పోయిందనుకో. అప్పుడు నీ చదువు ఏమంటుంది?

అల్లుడు: దడదడా నాలుగైదుసార్లు తొక్కాలి, ఆవిరి నలిగి కొంత పట్టు రావచ్చు. గేరు ఒక్కొక్కటే దించాలి. ఇంజను ఆపకూడదు, ఆపితే స్టీరింగూ బరువెక్కుతుంది, బ్రేకు బూస్టరు సాయమూ పోతుంది.

మామ: హ్యాండ్ బ్రేకు మర్చిపోయినావు.

అల్లుడు: లివర్ ఉన్న బండికి అది కేబుల్ మీద పనిచేస్తుంది, ఆయిలుతో సంబంధం లేదు. ఆయిలు మరిగినా అది ఉంటుంది.

మామ: ఉంటుంది. కానీ ఒక్క గుంజు గుంజితే వెనక చక్రాలు బిగుసుకొని బండి అడ్డం తిరుగుతుంది. బటన్ నొక్కిపట్టే ఉండాలి, కొద్దికొద్దిగా లాగాలి, వదలాలి, మళ్ళీ లాగాలి. స్టీరింగు తిన్నగా ఉన్నప్పుడే. మలుపులో కాదు. లోయ పక్కకు కాకుండా కొండ పక్కకు పెట్టుకోవాలి బండిని, గోడకు రాసుకున్నా ఫరవాలేదు. ఇది నీ పుస్తకంలో ఉండదు.

అల్లుడు: లేదు. ఇది నువ్వే చెప్పాలి.

మామ: అయితే ఆయిలు మార్చు. ఆ కేబుల్ కూడా ఎంత సాగిందో చూడు. నాకు ఐదారు పళ్ళు ఎక్కువ లాగితే గానీ పట్టడం లేదు.

అల్లుడు: చూస్తా. దానికి బిల్లు వేరే.

మామ: తెలుసులే, రాసుకో.